ముందు నువ్వు, వెనక వారు



మండలాఫీసుకి పనిమీద వెళ్ళిన మనిషిని ఎప్పుడైనా గమనించారా? బల్లకి అవతల కూర్చున్న అధికారితో మాట్లాడినంతసేపూ ‘మీరు’, ‘తమరు’, ‘కాస్త దయచూడండి’. మెట్లు దిగాడో లేదో, అదే అధికారి ‘వాడు’ అయిపోతాడు. ‘వాడు సంతకం పెట్టి చావడండీ’ అంటాడు పక్కవాడితో. ఆ మనిషే దారిలో గుడికి వెళ్ళాడనుకోండి. ఎదురుగా నిలబడి, చేతులు జోడించి, ‘నువ్వే దిక్కు తండ్రీ’ అంటాడు. ‘మీరే దిక్కు’ అనడు. బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంటూ, ‘స్వామివారికి ఇవాళ అలంకారం బాగా చేశారు’ అంటాడు. ముఖాన నువ్వు, చాటున వారు. అధికారికి దక్కిన మర్యాద ఇక్కడ పూర్తిగా తిరగబడింది.

తెలుగులో ఈ నువ్వు, మీరుల పట్టింపు చిన్నదేం కాదు. కోస్తా జిల్లాల్లో నిన్నగాక మొన్న పెళ్ళయిన అల్లుణ్ణి, తన కొడుకు కంటే చిన్నవాడైనా సరే, అత్తగారు మీరు అంటుంది. కొన్ని ఇళ్ళల్లో కన్నతండ్రినీ మీరనే అంటారు. మర్యాదని ఇంత కొలిచి ఇచ్చే భాషలో లోకాలన్నీ ఏలేవాడికి నువ్వు దక్కింది. అది చిన్నచూపు కాదని చిన్నపిల్లలకీ తెలుసు. మీరు అన్నవాణ్ణి బతిమాలుకోవాలి. నువ్వు అన్నవాడి దగ్గర అడిగే హక్కుంటుంది, అలిగే హక్కూ ఉంటుంది.

ఈ పూట నేను స్తోత్రాల జోలికీ సిద్ధాంతాల జోలికీ వెళ్ళడం లేదు. దేవుణ్ణి నమ్మినవాళ్ళ నోట రోజూ దొర్లే చిన్నచిన్న మాటల గురించే మాట్లాడతాను. పూజలో కూర్చున్నప్పుడు మనిషి జాగ్రత్తగానే ఉంటాడు, పురోహితుడు చెప్పమన్నది చెబుతాడు. బస్సులో, వంటింట్లో, ఆసుపత్రి వరండాలో ఆదమరిచి అన్న మాటలోనే అసలు చుట్టరికం బయటపడుతుంది.

చుట్టరికం అని ఊరికే అనలేదు. వేములవాడ గుడి బోర్డు మీద రాజరాజేశ్వరస్వామి అని ఉంటుంది. బస్సెక్కేవాళ్ళు మాత్రం ‘రాజన్న దగ్గరికి పోతున్నం’ అంటారు. కొండగట్టు ఆంజనేయుడు అంజన్న. కొమురవెల్లిలో మల్లన్న, శ్రీశైలంలోనూ మల్లన్నే. సింహాచలం కొండ మీది వరాహలక్ష్మీనృసింహస్వామి ఉత్తరాంధ్ర నోట సింహాద్రి అప్పన్న. అప్పన్న, అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ, ఆఖరికి సింహాచలం అన్న పేరుతోనే విశాఖ, విజయనగరం జిల్లాల్లో ఏ వీధిలో పిలిచినా ఎవరో ఒకరు పలుకుతారు. పొడుగాటి సంస్కృత నామం అర్చకులది. అన్న అన్నది ఊరివాళ్ళది. అందులో ఒక తెలివి ఉంది. నాన్న దగ్గర భయముంటుంది. అన్న దగ్గర భయం సగమే, భరోసా మాత్రం నిండుగా ఉంటుంది. నాన్నకి చెప్పలేని అప్పు సంగతి ముందు అన్న చెవిలోనే వేస్తాం. ఇక అమ్మవార్ల సంగతి చెప్పేదేముంది? ఎల్లమ్మ, పోచమ్మ, మైసమ్మ, నూకాలమ్మ, పైడితల్లి. పేరు చివర అమ్మో తల్లో లేని గ్రామదేవత మనకి కనబడడమే అరుదు.

ఈ వరసలు ఒక్కోచోట చాలా దూరం వెళ్తాయి. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ వెంకటేశ్వరస్వామికి చెల్లెలు. అందుకే జాతర వచ్చిందంటే కొండ మీది నుంచి ఆమెకు సారె దిగుతుంది. ఆడపడుచుకి అన్నగారింటి నుంచి చీరా పసుపుకుంకుమలూ రావాలి కదా, అదే లెక్క. దేవుని కడపలో ఇంకో వరస ఉంది. ఉగాదినాడు అక్కడి లక్ష్మీవేంకటేశ్వరస్వామి గుడికి ముస్లిములు వస్తారు. స్వామి పెళ్ళాడిన బీబీ నాంచారమ్మ వాళ్ళింటి ఆడబిడ్డ, కాబట్టి స్వామి వాళ్ళ అల్లుడు. పండగపూట అల్లుణ్ణి చూసిపోవడానికి వస్తారు. దీన్ని పత్రికలు మతసామరస్యం అని రాస్తాయి. తప్పేం లేదు, కాకపోతే అది గట్టున నిలబడి చూసేవాళ్ళు పెట్టిన పేరు. లోపలికి వెళ్ళినవాళ్ళకి అది అల్లుడి ఇల్లు. అనంతపురం వైపు గూగూడులో పీర్ల పండగ నాడు కుళ్ళాయిస్వామికి మొక్కుకుని పిల్లలు పుడితే, హిందువుల ఇళ్ళల్లోనే కుళ్ళాయప్ప అనీ, కుళ్ళాయమ్మ అనీ పేర్లు పెట్టుకుంటారు. ఆ పేరు బడి రికార్డుల్లోకెక్కి, పెళ్ళి శుభలేఖలోకెక్కి, బతుకంతా వెంట ఉంటుంది.

చుట్టరికం ఉన్నచోట ఇచ్చిపుచ్చుకోవడాలూ ఉంటాయి. మొక్కు అన్న మాట పక్కన మనవాళ్ళు ఏం చేర్చి మాట్లాడతారో వినండి. మొక్కు ఉండిపోయింది, మొక్కు తీర్చాలి, మొక్కు చెల్లించి రావాలి. అప్పుకి వాడే మాటలే అన్నీ. మరి తిరుమలలో ఎదుటివాడూ అప్పులవాడే. పెళ్ళికని కుబేరుడి దగ్గర తెచ్చిన సొమ్ముకి ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడని స్థలపురాణం, అందుకే ఆయన వడ్డికాసులవాడు. కూతురి పెళ్ళికి అప్పుచేసిన రైతు ఆ హుండీ ముందు నిలబడితే ఒకరి బాధ ఒకరికి విడమరిచి చెప్పక్కర్లేదు. ఒంటి మీది నగలన్నీ ఒలిచి హుండీలో వేసే మొక్కుకి నిలువుదోపిడి అని పేరు. మొక్కుకున్నదీ తానే, ఇచ్చిందీ తానే, చివరికి దోచుకున్నాడన్న నింద మాత్రం ఆయన మీద! ‘సమర్పించాను’ అంటే ఆ గారాబం రాదు.

చిలుకూరు బాలాజీ గుళ్ళో హుండీ లేదు. అక్కడ లెక్క ప్రదక్షిణల్లో నడుస్తుంది. కోరుకున్నప్పుడు 11, కోరిక తీరాక 108. అమెరికా ప్రయాణం పెట్టుకున్న కుర్రకారు వల్ల ఆయనకి వీసా బాలాజీ అని పేరొచ్చింది. ‘ఇంకా నూటెనిమిది బాకీ ఉన్నాయిరా, ఫ్లైటెక్కేలోపు తిరిగి రావాలి’ అని ఫోన్లలో చెప్పుకుంటుంటారు. దేవుడికి ఆ పేరేమిటని పెద్దవాళ్ళు నొచ్చుకోవచ్చు. నాకైతే ఆపదమొక్కులవాడు అన్న పాత పేరుకీ దీనికీ పెద్ద తేడా కనబడదు. ఆ రోజుల్లో ఆపద ఒక రకం, ఈ రోజుల్లో ఆపద కాన్సులేటు కిటికీ దగ్గరుంది.

ఈ ఇచ్చిపుచ్చుకోవడాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది మేడారం. రెండేళ్ళకోసారి మాఘపౌర్ణమికి ములుగు జిల్లాలో జరిగే సమ్మక్క సారలమ్మల జాతర కోయలది, ఇప్పుడు అందరిదీ. అక్కడ తల్లులకి ఇచ్చుకునేది బెల్లం. కానీ ఆ నాలుగు రోజులూ ఆ మాట వినబడితే ఒట్టు. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ బంగారమనే అంటారు. ‘బంగారం తెచ్చినవా?’ ‘ఈసారి చిన్నోనికి ఎత్తు బంగారం ఇస్తున్నం.’ పిల్లవాణ్ణి తక్కెట్లో కూర్చోబెట్టి, అంత బరువు బెల్లం తూచి గద్దెల దగ్గర ఇస్తారు. నిలువెత్తు బంగారంతో తులాభారం తూగడం రాజులకీ చక్రవర్తులకీ చెల్లిందని కథల్లో చదువుకున్నాం. ఇక్కడ మిరపతోట కూలీ తన కొడుకుని బంగారంతో తూచి, జేబులో బస్సు ఛార్జీలు మిగుల్చుకుని ఇంటికి వెళ్తుంది. ఇంకో సంగతి చూడండి. సమ్మక్కకి విగ్రహం లేదు. చిలకలగుట్ట మీది నుంచి వడ్డె, అంటే కోయ పూజారి, కుంకుమభరిణెతో నడిచివస్తాడు. ‘భరిణె తెచ్చారు’ అని మాత్రం అనరు. ‘తల్లి వస్తున్నది’, ‘తల్లి గద్దెనెక్కింది’ అంటారు. నాలుగో నాడు తల్లి వనప్రవేశం చేస్తుంది. వచ్చేదీ ఆమే, వెళ్ళేదీ ఆమే. తెచ్చిన మనిషి వాక్యంలోనే ఉండడు.

లెక్కలున్నచోట తగువులు రాకుండా ఉంటాయా? భద్రాచలం గుడి కట్టించి, తానీషా ప్రభుత్వంలో గోల్కొండ చెరసాలపాలైన కంచర్ల గోపన్న, రాముడికి చేయించిన నగల జాబితా ఏకరువు పెట్టి, ఇంటిల్లిపాదినీ దులిపేశాడు. మళ్ళీ తానే, దెబ్బల బాధకి అన్నాను, మనసులో పెట్టుకోకు అన్నాడు. కృష్ణాతీరంలోని శ్రీకాకుళం ఆంధ్రమహావిష్ణువు మీద కాసుల పురుషోత్తమకవి శతకం చెప్పాడు. పైకి అంతా ఎత్తిపొడుపే, లోపల స్తుతి. దండు మీదికొస్తుంటే ఉలుకూ పలుకూ లేదేమని గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నరసింహుణ్ణి నిలదీశాడు. ఇవి కవుల తగువులు. ఊళ్ళల్లో తగువు ఇంకా సూటిగా ఉంటుంది. వానలు మొహం చాటేసిన ఏడు, శివాలయంలో గర్భగుడి గడపకి అడ్డుకట్ట కట్టి, ఊరంతా వరసలో నిలబడి బిందెలు అందించుకుంటూ, లింగం మునిగేదాకా నీళ్ళు పోస్తారు. పంతులుగారి శాస్త్రంలో అది ఘటాభిషేకం. ఊరివాళ్ళు పెట్టిన పేరు జలదిగ్బంధం. ఊపిరాడకపోతే తానే దిగొస్తాడని! ఇందాక చెప్పిన తిరుపతి గంగమ్మ జాతరలోనైతే భక్తులు వేషాలు కట్టి నోటికొచ్చిన బూతులు తిడతారు. ఆ తిట్టు కూడా చెల్లించవలసిన మొక్కుల్లోనే ఉంది.

ఇంత చనువు అందరి దగ్గరా చెల్లదు. మశూచి ఉన్న రోజుల్లో ‘అమ్మవారు పోసింది’ అనేవారు. ‘తగ్గింది’ అనకూడదు, ‘తల్లి దిగింది’ అనాలి. గుమ్మానికి వేపమండలు కట్టేవారు, ఇంట్లో పోపు చప్పుడు వినబడనిచ్చేవారు కాదు. మశూచి భూమ్మీద లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1980లో ప్రకటించింది. జబ్బు పోయింది గానీ మర్యాద పోలేదు. ఆ మర్యాద ఆటలమ్మ పేరుతో ఇప్పటికీ మనింటికొస్తూనే ఉంది. అమ్మవారు అన్న ఆ మాట ఒక మేలు చేసింది. ఒళ్ళంతా పుళ్ళతో ఉన్న మనిషిని ఎవరూ చీదరించుకోలేదు, అది అమ్మ వచ్చి కూర్చున్న ఒళ్ళు కాబట్టి. కీడూ చేసింది. అమ్మ వచ్చినప్పుడు సూది మందేమిటని డాక్టర్ని గుమ్మంలోనే ఆపేసిన ఇళ్ళున్నాయి. ఆ రెండోదాన్ని సంప్రదాయం పేరు చెప్పి మన్నించడం నా వల్ల కాదు. దీపం ఆరిందనకుండా కొండెక్కిందనడం, బియ్యం అయిపోయాయనకుండా నిండుకున్నాయనడం వేరు. వాటితో ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు.

కార్తీకమాసం వచ్చేసరికి మాటల్లో ఇంకో విచిత్రం మొదలవుతుంది. నిన్నటిదాకా ఒరేయ్ అనిపించుకున్న కుర్రాడు అయ్యప్పమాల వేసుకున్నాడు. అంతే, 41 రోజులపాటు అతను స్వామి. భార్య ‘స్వామీ, భిక్షకి వేళయింది’ అంటుంది. భోజనం అనదు. ఆమెని అతను మాత అంటాడు. దీక్షలోనూ సీనియారిటీ ఉంది. తొలి ఏడు కన్నెస్వామి, మలి ఏడు కత్తిస్వామి, ఆ తర్వాత గంటస్వామి. ఆఫీసులో అటెండరు మాల వేస్తే ఆఫీసరుకీ అతను స్వామే. ‘స్వామీ, ఆ ఫైలేమయింది స్వామీ?’ అని కసురుకోవడం ఎంత కష్టమో ప్రయత్నించి చూస్తే తెలుస్తుంది. కోపం నోటిదాకా వచ్చి ఆ రెండక్షరాల దగ్గర తడబడుతుంది. బెజవాడ దుర్గమ్మ భవానీ దీక్షలో ఆడామగా అందరూ భవానీలే. భక్తుడు దేవుణ్ణి పిలవడం ఎక్కడైనా ఉంది. భక్తుణ్ణే దేవుడి పేరుతో పిలిచి నలభై రోజులు నడిపించడం చిన్న విషయం కాదు. అయితే మాల తీసిన మర్నాడే ఆ అటెండరు పాత పేరుకీ పాత తిట్లకీ తిరిగి వచ్చేస్తాడు. ఆఫీసరుకి నోరు ఎంత హాయిగా ఉంటుందో!

తెలుగు క్రైస్తవుల మాట తీరు వేరు. అక్కడ దేవుడు తండ్రి, ప్రభువు. అన్న కాడు. తండ్రి పైన ఉన్నాడు కాబట్టి అన్నలూ అక్కలూ పక్కన కూర్చున్నవాళ్ళయ్యారు. ‘ప్రైజ్ ద లార్డ్ అన్నా’, ‘వందనాలు అక్కా’ అని పలకరించుకుంటారు. పొలం పనుల్లో పక్కా ఊరి యాసలో మాట్లాడే ఆవిడ ప్రార్థనకి నోరు తెరిస్తే కృప, మహిమ, సన్నిధి, నీవు అంటూ గ్రంథభాష దొర్లుకొస్తుంది. బడి మొహం చూడకపోయినా, వారంవారం విన్న బైబిలు వాక్యం ఆ భాషని ఆమె సొంతం చేసింది. లెక్క కూడా అక్కడ తిరగబడుతుంది. డిసెంబరు 31 రాత్రి కూడికలో కొత్త ఏడాదికి వాగ్దానం ఇస్తారు. చీటీ మీద ఒక వాక్యం ఉంటుంది. ‘ఈ ఏడు నాకు ప్రభువు ఇచ్చిన వాగ్దానం ఇది’ అని ఏడాది పొడుగునా తలుచుకుంటారు. మొక్కులో మనిషి బాకీపడతాడు. వాగ్దానంలో మాట ఇచ్చింది దేవుడు, గుర్తుచేసే పని మనిషిది. కష్టం వస్తే ‘నువ్వు మాట ఇచ్చావు కదా తండ్రీ’ అని మోకాళ్ళ మీద నిలబడి అడుగుతారు.

హైదరాబాదులో దర్జీని ‘శుక్రవారానికి ఇచ్చేస్తారా?’ అని అడగండి. ‘ఇన్షా అల్లా’ అంటాడు. అల్లా తలిస్తే అని. అది విని మనకి కాస్త గుబులు పుడుతుంది, బట్టలు శుక్రవారం రావేమోనని. సాకుగా వాడేవాళ్ళు లేకపోలేదు. కానీ రేపటి మీద తనకి హక్కు లేదని రోజుకి పదిసార్లు నోటితో ఒప్పుకోవడం తేలికేం కాదు. పిల్లవాడు ముద్దుగా ఉన్నాడని మెచ్చుకుంటే వెంటనే మాషా అల్లా అని చేర్చాలి, లేకపోతే తల్లి మొహం చిన్నబోతుంది. మన ఇళ్ళల్లో దిష్టిచుక్క చేసే పని అక్కడ ఆ మాట చేస్తుంది. సెలవు తీసుకునేటప్పుడు పెద్దవాళ్ళు ఖుదా హాఫిజ్ అనేవారు. ఈమధ్య అల్లా హాఫిజ్ ఎక్కువగా వినబడుతోంది. ఖుదా పారశీకం నుంచి వచ్చిన మాట, అల్లా అరబ్బీ. పాత తరం చెవికి ఆ మార్పు ఇట్టే తెలిసిపోతుంది.

చావు దగ్గర ఈ మాటలన్నీ విడివిడిగా నిలబడతాయి. వీధి మొదట్లో కట్టిన ఫ్లెక్సీ చూస్తే ఆ ఇంటివాళ్ళు దేవుణ్ణి ఏమనుకున్నారో తెలిసిపోతుంది. శివైక్యం చెందారంటే బిందువు పోయి ఆయనలో కలిసిపోయింది, ఇక వేరే మనిషి లేడు. వైకుంఠవాసులయ్యారంటే మనిషి మనిషిగానే ఉన్నాడు, మకాం మారింది. ప్రభువునందు నిద్రించారంటే మేలుకునే రోజొకటి ఉందన్నమాట. ఉర్దూ మాట్లాడేవాళ్ళు ‘అల్లాకో ప్యారే హోగయే’ అంటారు, అల్లాకి ముద్దయ్యారని. ఏ దుఃఖాన్నీ ఏ మాటా తగ్గించదు గానీ, ఏడ్చేవాళ్ళు పోయినవాళ్ళని ఎవరి చేతుల్లో పెట్టి ఏడుస్తున్నారో ఆ మాట చెబుతుంది.

దేవుడి పేరు లేకుండా తెలుగు మాట్లాడడం ఎంత కష్టమో నాస్తికులకి తెలిసినంతగా మనకి తెలియదు. కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టిన గోపరాజు రామచంద్రరావు పేరులోనే రాముడున్నాడు. ఆయన దాన్ని గోరా అని కుదించుకున్నారు. పిల్లలకి లవణం, సమరం అంటూ దేవుడి వాసన తగలని పేర్లు వెతికి పెట్టుకున్నారు. మనలో దేవుణ్ణి అంతగా పట్టించుకోనివాళ్ళు సైతం కాలికి రాయి తగిలితే ‘దేవుడా’ అంటారు, డబ్బు పోతే ‘గోవిందా’ అంటారు.

మళ్ళీ తిరుమల దగ్గరికి వస్తాను. అక్కడికి ‘వెళ్ళాను, చూశాను’ అనడం పాతవాళ్ళకి నోరు రాదు. ‘స్వామి పిలిచాడు’, ‘రప్పించుకున్నాడు’, ‘దర్శనం ఇచ్చాడు’ అంటారు. రెండు సెకన్లయినా నిలవనివ్వకుండా తోసేసినా, ‘కళ్ళారా దర్శనం అయింది’ అనే అంటారు. ఇప్పుడు 300 రూపాయల టికెట్లు ఆన్‌లైన్లో నెలల ముందే విడుదలవుతాయి, నిమిషాల్లో అయిపోతాయి. ఆ రోజు ఇంట్లో ఇద్దరు ఫోన్లు పట్టుకుని, ఒకరు లాప్‌టాప్ ముందు కూర్చుని కుస్తీ పడతారు. టికెట్ దొరికిందా, ‘నేనే పట్టాను, మన నెట్టు స్పీడండీ’ అంటారు. సైటు స్తంభించిపోయి చేతికి రాలేదా, నెట్టునీ అనరు, వేళ్ళనీ అనరు. ‘ఇంకా పిలుపు రాలేదు’ అంటారు.